మబేలాలో బ్రేకు ప్యాడ్లు మార్చిన శుక్రవారం

హోమ్ నర్సింగ్ ఉద్యోగానికి ఒమన్ వచ్చే అమ్మాయిలు నన్ను ఎక్కువగా అడిగేది డ్రైవింగ్ లైసెన్స్ గురించే. టెస్ట్ కష్టమా, పక్కన పోలీసు అధికారి కూర్చుంటే కాళ్లు వణకవా అని. వణుకుతాయి. అయినా లైసెన్స్ వస్తుంది. ఆ తర్వాత పాత కారు ఒకటి కొంటారు, నేనూ కొన్నాను. బండి కొన్నాక ఏమవుతుందో మాత్రం ఎవరూ అడగరు. అందుకని అడక్కుండానే చెబుతున్నాను. ఇందులో బండి సంగతి కొంత, ఉద్యోగం సంగతి కొంత ఉంది. ఏది ఎక్కువో నాకూ తెలియదు.

ఇప్పుడు నేను సూర్‌లో ఒక క్లినిక్‌లో పనిచేస్తున్నాను. రూమ్ నుంచి నడిచి వెళ్లేంత దూరం. అంతకుముందు మబేలాలో ఉంటూ, రోగుల ఇళ్లకే వెళ్లి చూసుకునే ఉద్యోగం చేశాను. నా డ్యూటీ అల్ ఖౌద్‌లో ఒక ఒమానీ పెద్దావిడ దగ్గర. పక్షవాతం వచ్చి మంచం మీద ఉండేది. మనవలు ఆమెను హబూబా అని పిలిచేవాళ్లు, అంటే నాయనమ్మ అని. మేమూ అలాగే అనేవాళ్లం. ఆమె గొంతు కింద చిన్న రంధ్రం చేసి ట్యూబ్ పెట్టారు, ఊపిరి అందులోంచే. నెలకోసారి ఆ ట్యూబ్ తీసి కొత్తది పెట్టాలి. పాతది తీయడానికీ కొత్తది పెట్టడానికీ మధ్య ఆమె ఊపిరి అక్షరాలా మా చేతుల్లో ఉంటుంది. దానికి ఇద్దరు నర్సులు కావాలి. ఒకరు చేస్తారు, ఇంకొకరు అందిస్తారు. నేను అందించేదాన్ని.

చేసేది మా అక్క. సొంత అక్క కాదు. కంపెనీలో సీబ్ వైపు నర్సులందరికీ ఇన్‌ఛార్జి. అమలాపురం పక్క మనిషి. ఒమన్‌లో ఎంతకాలంగా ఉందంటే, హిందీలో మాటలు వెతుక్కునేది కానీ అరబీలో వెతుక్కునేది కాదు. నన్ను కంపెనీలోకి తెచ్చింది ఆవిడే, తన ఫ్లాట్‌లో రెండో గది ఇచ్చిందీ ఆవిడే. ఎవరి డ్యూటీ ఎక్కడో ఆవిడ చెప్పాక ఇంకెవరూ మాట్లాడేవారు కాదు. పని అంత శుభ్రంగా ఉండేది మరి. గాజుగుడ్డ మడతపెట్టినా చూడముచ్చటగా ఉండేది.

ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఒక చిన్న సీసా ఉండేది. ఆలివ్ నూనె, అందులో ఏదో సువాసన కలిపి, వాళ్ల చర్చి సహవాసంలో పాస్టరుగారు ప్రార్థన చేసి ఇచ్చింది. ఫ్రిజ్ ఆగిపోతే దాని తలుపుకి ఒక చుక్క. రెసిడెన్స్ కార్డ్ రెన్యువల్‌కి వెళ్తుంటే ఆ కార్డుకి ఒక చుక్క. నేను లైసెన్స్ టెస్టుకి వెళ్లిన రోజు నా నుదుటికి, బూట్లకి కూడా. నేను పాసయింది ఆ నూనె వల్లేనని ఇప్పటికీ ఆవిడ నమ్మకం. నేను కాదనలేదు. పాసైనవాళ్లకు వాదన దేనికి?

నేను తక్కువ మాట్లాడతాను. చెప్పాలనుకున్నది లోపల వాక్యంగా కుదిరేసరికి ఎదుటివాళ్లు వేరే విషయంలోకి వెళ్లిపోతారు. ఇంట్లో చదువుకోవడం, పడుకునే ముందు డైరీలో నాలుగు ముక్కలు రాసుకోవడం, ఇవే నా కబుర్లు. ఊరి నుంచి తెచ్చుకున్న పుస్తకాలు అయిపోయిన నెలలో బండి డ్యాష్‌బోర్డులో దొరికిన మాన్యువల్ కూడా చదివాను. కథ పెద్దగా లేదు కానీ హెచ్చరికలు చాలా బాగా రాశారు.

అలాంటి రోజుల్లో బండి కీచుమనడం మొదలుపెట్టింది.

మొదట మసీదు మలుపు దగ్గర, బ్రేకు వేసినప్పుడు మాత్రమే. తర్వాత ప్రతి సిగ్నల్ దగ్గరా. అక్క పక్క సీటులో కూర్చుని, "పిచ్చుకలు పెట్టాయేమోనే గూడు," అంది. పిచ్చుకలు కావని నాకు తెలుసు. ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు అరిగిపోతే, ప్యాడ్‌కి ఉన్న చిన్న రేకు ముక్క డిస్కుకి తగిలి అలా అరుస్తుందని మాన్యువల్‌లో ఉంది. మార్చమని అది పెట్టే కేక.

మబేలా సనాయాలో, అంటే ఇండస్ట్రియల్ ఏరియాలో, గరాజులు బోలెడు. కానీ అక్కడికి ఒక్కదాన్నే వెళ్లి, బండి పైకెత్తి, అంతమంది మగవాళ్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవడం తలుచుకుంటేనే నా వల్ల కాదనిపించేది. వెళ్తాను, ఈ వారం వెళ్తాను అనుకుంటూ వాయిదా వేస్తున్నాను. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి బండి ఆపుతుంటే కింద రూముల్లో ఉండే అన్న గడప మీద కూర్చుని ఉన్నాడు. జగిత్యాల దగ్గరి ఊరు. ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో సైట్ పని, షట్టరింగ్ కార్పెంటర్. ఊళ్లో ఉన్నప్పుడు బామ్మర్ది మెకానిక్ షాపులో కొన్నాళ్లు కూర్చున్నాడట, ఆ అనుభవంతో బిల్డింగ్‌లో అందరి బండ్ల గురించీ అభిప్రాయం చెప్పేవాడు.

"చెల్లె, గా సప్పుడేంది? బండి మొత్తుకుంటున్నది గదా!"

"బ్రేకు ప్యాడ్లు అన్నా. గరాజుకి తీసుకెళ్లాలి."

"గరాజెందుకు? శుక్రారం నాకూ ఛుట్టి, నీకూ ఛుట్టి. ఈడనే విప్పుదాం. ప్యాడ్లు నేన్ దెస్త తీ."

వద్దనడానికి నేను వాక్యం తయారు చేసుకునేలోపు అతను ఏ షాపులో తేవాలో కూడా చెప్పేశాడు. నిజం చెప్పాలంటే నాకు హాయిగా అనిపించింది. మాన్యువల్‌లో చదివిన పనిని కళ్లతో చూడొచ్చు.

శుక్రవారం పొద్దున్నే బిల్డింగ్ వెనక నీడ ఉన్న చోట మొదలుపెట్టాం. చక్రం బోల్టులు బండి నేల మీద ఉండగానే కొంచెం వదులు చేయాలి, జాకీ ఎత్తాక కాదు. జాకీ జారినా బండి మీద పడకుండా విప్పిన చక్రాన్ని బండి కిందకు తోసి పెట్టాలి. ఈ రెండూ నేనే గుర్తు చేశాను. అన్న నవ్వాడు. "పుస్తకం సదివి ఈత నేర్సుకున్నట్టున్నవ్ చెల్లె," అన్నాడు కానీ చక్రం తోశాడు.

చక్రం తీస్తే మెరిసే డిస్కు. దాన్ని రెండు వైపుల నుంచీ పట్టుకునే ఇనుప పిడికిలి లాంటిది క్యాలిపర్. ఆ పిడికిలిలో రెండు ప్యాడ్లు. మనం పెడల్ తొక్కితే పిడికిలి బిగుసుకుంటుంది, ప్యాడ్లు డిస్కును ఒరుసుకుని ఆపుతాయి. ఆపేది అంతా ఆ ఒరిపిడే. ఇంతకంటే వివరం ఈ కథకు అక్కర్లేదు. ఎడమవైపు పాత ప్యాడ్లు తీసి చూస్తే బిస్కెట్ అంచులా మిగిలి ఉన్నాయి. కొత్తవి వేసి, క్యాలిపర్ బిగించి, చక్రం పెట్టేశాం. నేను అనుకున్నంత కష్టం కాదు. నా చేతులు నల్లగా అయ్యాయి. నాకు ఆ నలుపు నచ్చింది కూడా.

అన్న జేబులోంచి చిన్న పొట్లం తీశాడు. ఊరి గుడి కుంకుమ. టైరుకి మూడు బొట్లు పెట్టి, చక్రం కింద నిమ్మకాయ పెట్టాడు. "ఇనుము ముట్టుకున్నంక గిది జెయ్యకపోతే నాకు మనసున వట్టది," అన్నాడు. అదే సమయానికి అక్క మాకు టీ తీసుకుని దిగింది. మెట్ల మీదే ఆగి బొట్లు చూసింది, నిమ్మకాయ చూసింది, నన్ను చూసింది.

"ఏం నాయనా, నిమ్మకాయ పిండితే గానీ బండి కదలదా?"

"పిండుడు గాదక్కా, తొక్కుడు. దిష్టి వోతది."

"మా పిల్లకి దిష్టెవరు పెడతారయ్యా? నోరు విప్పితేగా ఎవరికైనా కనబడేది."

అందరం నవ్వుకున్నాం. నేనూ నవ్వాను. కుడివైపు చక్రం కూడా విప్పి, కొత్త ప్యాడ్లు పేపరు మీద పెట్టాం. ఇంతలో స్పానర్ ఒకటి సరిపోక అన్న పక్క రూముకి అడగడానికి వెళ్లాడు. నేను టీ తాగడానికి చేతులు కడుక్కుందామని పైకి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి అక్క బండి దగ్గర లేదు. టీ గ్లాసులు మాత్రం ఉన్నాయి. అన్న వచ్చి ప్యాడ్లు ఎక్కించాడు, చక్రం బిగించాడు, బొట్లు పెట్టాడు.

బండి ఎక్కి, కదలకముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కాను. ఇది మరిచిపోతే మొదటి బ్రేకు నేలదాకా పోతుంది. తర్వాత సందులో నెమ్మదిగా నడిపి బ్రేకు వేశాను.

బండి ఎడమకు లాగింది. స్టీరింగ్ చేతుల్లోంచి ఎవరో గుంజుకున్నట్టు. అటువైపు నీళ్ల ట్యాంకర్ ఆగి ఉంది. ఇంకొంచెం వేగం ఉంటే దాన్ని తాకేదాన్ని. ఇక్కడ రోడ్డుకి కుడివైపున నడుపుతాం కదా, హైవే మీదైతే ఎడమకు లాగడమంటే పక్క వరసలోకి, మామూలు రోడ్డు మీదైతే ఎదురొచ్చే బండ్లలోకి.

"కొత్త ప్యాడ్లు గదా చెల్లె, పట్టు కుదరాలె. నడుస్తాంటె సెట్ అయితది," అన్నాడు అన్న. కొత్త ప్యాడ్లకు పట్టు రావడానికి కొంత సమయం పట్టే మాట నిజమే. కానీ అప్పుడు రెండు వైపులా ఒకేలా మెత్తగా ఉండాలి. ఒక వైపే ఎందుకు? నేను మళ్లీ నడిపాను, మళ్లీ ఎడమకే. బండి దిగి నిలబడ్డాను. అక్కడి నుంచి కదల్లేదు. నా మొహం చూసి అతనే, "సరె, విప్పి సూద్దాం," అన్నాడు.

కుడి చక్రం తీయగానే నాకు వాసన వచ్చింది. ఇనుము వాసన కాదు, గ్రీజు వాసన కాదు. లైసెన్స్ టెస్టు రోజు నా నుదుటి మీద ఉన్న వాసన. ప్యాడ్లు నల్లగా తడిసి మెరుస్తున్నాయి. డిస్కు చుట్టూ జిడ్డు.

అన్నకి ఆ వాసన తెలియదు. అతను తన చేతులు చూసుకున్నాడు. "అరె, పిన్నుకు గ్రీజు వెట్టిన చెయ్యే తగిలినట్టున్నది. నేనే గలీజ్ జేసిన," అని తనను తాను తిట్టుకుంటూ పెట్రోలు తెచ్చాడు, గరుకు కాగితం తెచ్చాడు. ప్యాడ్లను రుద్ది, కడిగి, ఎండలో పెట్టి మళ్లీ ఎక్కించాడు. ఈసారి లాగడం తగ్గింది. పోలేదు.

"గింత గుంజుడు ఏం గాదు చెల్లె. నేన్ జెప్తున్న గదా."

బ్రేకు ప్యాడ్ గట్టి పలకలా కనబడుతుంది గానీ లోపల బన్నులా ఉంటుంది. నూనె పీల్చుకుంటే పైన ఎంత రుద్దినా, వేడెక్కినప్పుడు మళ్లీ పైకి వస్తుంది. నూనె తగిలిన ప్యాడ్లను తిరిగి వాడవద్దని మాన్యువల్‌లో పెద్ద అక్షరాలతో ఉంది. అప్పటికి శుక్రవారం నమాజుకి షాపులన్నీ మూశారు. సాయంత్రం తెరిచాక నేను ఒక్కదాన్నే నడిచి వెళ్లి అడిగాను. ఆ బండికి సరిపోయే సెట్ అయిపోయింది, రేపు వస్తుందన్నారు. ఒంటరిగా ఆ షాపులోకి వెళ్లిన సంగతి బయటికొచ్చాక గానీ నాకు గుర్తురాలేదు.

రేపంటే శనివారం. శనివారం పొద్దున హబూబాకి ట్యూబ్ మార్చాలి.

ఇంటికి వచ్చేసరికి అక్క అన్నం వండుతోంది. నేను వంటగది గుమ్మంలో నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో, ఆవిడే, "ఏంటే? లోపలికి రా," అంది.

"అక్కా, ప్యాడ్ల మీద నూనె రాశారా?"

"రాశాను. కుడివైపు వాటికి. ఎడమవైపు అప్పటికే బిగించేశాడుగా." ఎంత మామూలుగా చెప్పిందంటే, పప్పులో ఉప్పు వేశావా అంటే వేశానన్నట్టు. "ఏం? నువ్వు కూర్చునేది ఆ బండిలోనే, నేను కూర్చునేదీ అందులోనే."

"దాని వల్లే బండి పక్కకి లాగుతోంది అక్కా."

ఆవిడ గరిటె పక్కన పెట్టింది. కోప్పడుతుందనుకున్నాను. కోపం కాదు, ఆవిడ మొహం చిన్నబోయింది.

"ప్రార్థన చేసిన నూనె వల్ల కీడు జరుగుతుందంటావా?"

"ప్రార్థన చేసిందైనా నూనె నూనే కదక్కా. బ్రేకు జారకూడదు."

"అతను బొట్టు పెడితే మాత్రం నువ్వేం అనలేదు."

దానికి నా దగ్గర జవాబు ఉంది. బొట్టు టైరుకి పెట్టాడు, నూనె ప్యాడ్‌కి రాశారు, తేడా మతంలో లేదు, చోటులో ఉంది. ఈ వాక్యం నాకు అన్నం తిని చేయి కడుక్కుంటున్నప్పుడు తయారైంది. అప్పటికి అక్క తన గదిలోకి వెళ్లిపోయింది. వెళ్లేముందు, "ఆ అబ్బాయి కడిగి ఇచ్చాడుగా. పొద్దున్నే బయల్దేరాలి, పడుకో," అంది. ఇన్‌ఛార్జి గొంతుతో.

ఇక్కడ ఆగి మీకు ఒకటి చెప్పాలి. నర్సింగ్‌లో మనకు నేర్పుతారు: పెద్దవాళ్లు పొరపాటు చేస్తున్నట్టు కనబడితే చిన్నవాళ్లు ఆపవచ్చు, ఆపాలి అని. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే అందరం రాస్తాం. పరీక్షలో పెద్దవాళ్లు మనకు అన్నం వండిపెట్టరు, మనల్ని ఈ దేశానికి తీసుకొచ్చి ఉండరు, వాళ్ల మొహం చిన్నబోదు. అందుకే అక్కడ జవాబు తేలిక.

పొద్దున్నే కిందకు దిగాం. అక్క చేతిలో ట్యూబ్ సామాన్ల బ్యాగు. ఎప్పటిలా ముందు సీటులో కూర్చుని, కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసి, బెల్టు పెట్టుకుంది. నేను డ్రైవర్ సీటులో కూర్చున్నాను. తాళం చేతిలోనే ఉంది. అన్న కంపెనీ బస్సు కోసం గేటు దగ్గర నిలబడి మమ్మల్ని చూస్తున్నాడు.

"పోనీ," అంది అక్క.

"ఈ బండి నేను నడపను అక్కా."

చెప్పేశాను. లోపల వాక్యం సరిగ్గా కుదిరిందో లేదో కూడా చూసుకోలేదు.

"ఏంటీ?"

"కొత్త ప్యాడ్లు వచ్చేదాకా నడపను."

"ఈరోజు ఏంటో తెలుసా నీకు? రాత్రి డ్యూటీ పిల్ల మనకోసం చూస్తుంటుంది. డ్యూటీకి రావా?"

"వస్తాను. ఈ బండిలో కాదు. టాక్సీ పిలిచాను, మెయిన్ రోడ్డు మీదకి వస్తాడు."

"నాకు విశ్వాసం ఉందే. ఏమీ కాదు."

"నాకూ ఉందక్కా. ఈ బ్రేకుల మీద లేదు."

అన్న కిటికీ దగ్గరికి వచ్చాడు. మా ఇద్దరి మొహాలూ చూసి విషయం అర్థం చేసుకున్నాడు, సగమే. "అక్కా, చెల్లెను ఏమనకు. తప్పు నాది. గ్రీజు చెయ్యి వెట్టింది నేను. నిన్నటి సంది నన్ను నేనే తిట్టుకుంటున్న. గని నడుస్తది చెల్లె, నిదానంగ వో."

అక్క అతని వైపు తిరిగింది. గేటు బయట కంపెనీ బస్సు హారన్ కొట్టింది.

"గ్రీజు కాదు తమ్ముడూ," అంది. "నూనె. ప్రార్థన నూనె. రాసింది నేను."

అన్న తన చేతుల వైపు చూసుకున్నాడు. "గట్లనా! నేను బామ్మర్దికి ఫోన్ జేసి మరీ తిట్లు వడ్డ గదక్కా!" బస్సు మళ్లీ హారన్ కొట్టింది. పరిగెత్తుతూ వెనక్కి తిరిగి అరిచాడు: "నేను టైరుకు వెట్టి ఊకున్న, నువ్వు సీద లోపటికే వోయినవ్!"

అక్కకి నవ్వు వచ్చింది. నవ్వలేదు. బెల్టు తీసి, బ్యాగు పట్టుకుని దిగింది. మెయిన్ రోడ్డు దాకా ముందు ఆవిడ, వెనక నేను.

అల్ ఖౌద్ చేరేసరికి ఆలస్యమే అయింది. రాత్రి డ్యూటీ అమ్మాయి మూతి ముడుచుకుని ఉంది. హబూబా కూతురు తలుపు తీసి, ఎందుకు ఆలస్యమైందని అడిగింది. అక్క అరబీలో చెప్పింది: బండి బ్రేకులు బాగాలేవు, ఈమె నడపనంది. అందులో ఫిర్యాదు ఉందో లేదో గొంతును బట్టి నేను పట్టుకోలేకపోయాను. ఆ కూతురు, "అల్‌హమ్దులిల్లా, అందులో రాలేదు," అని కాఫీ చెప్పడానికి వెళ్లింది.

ట్యూబ్ మార్చడం బాగానే జరిగింది. అక్క చేతులు ఎప్పటిలాగే నిమ్మళంగా ఉన్నాయి. అడిగింది అందించాను. పని మాటలు తప్ప నాతో ఒక్క మాటా లేదు. సాయంత్రం టాక్సీలోనూ అంతే. నా డ్యూటీ మారుస్తుందేమో అనుకున్నాను. హబూబాని వదిలి ఇంకెక్కడికో పంపుతుందేమో, ఫ్లాట్‌లో గది ఖాళీ చేయమంటుందేమో. అలా చేసే మనిషి కాదని తెలుసు. అయినా టాక్సీ మీద ఎండ తగ్గేదాకా అదే ఆలోచించాను.

కొత్త ప్యాడ్లు వచ్చాయి. సైట్ నుంచి అన్న రాగానే బిల్డింగ్ వెనక మళ్లీ విప్పాం. ఈసారి రెండు వైపులా కొత్తవే వేశాం. బ్రేకులు ఎప్పుడూ జంటగానే మార్చాలి. డిస్కులను బ్రేకు క్లీనర్ కొట్టి, కొత్త గుడ్డతో, గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడిచాను. గాయం శుభ్రం చేసినట్టు మధ్యలోంచి బయటికి తుడుస్తుంటే అన్న, "ఇది ఆస్పత్రి గాదు చెల్లె," అన్నాడు. నేను తుడవడం ఆపలేదు.

అక్క దిగి వచ్చింది. రంగు డబ్బా ఒకటి బోర్లించి, ప్యాడ్ల పెట్టె ఒళ్లో పెట్టుకుని దాని మీద కూర్చుంది. అన్న చేయి చాచాడు.

"చేతులు కడుక్కో తమ్ముడూ."

"కడుక్కున్ననక్కా."

"కుంకుమ ఉంది గోళ్లలో. సబ్బుతో."

అతను నన్ను చూశాడు. నేను డిస్కు చూశాను. వెళ్లి సబ్బుతో కడుక్కుని వచ్చి, ఆపరేషన్‌కి వచ్చిన డాక్టరులా రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. అప్పుడు పెట్టె ఇచ్చింది.

చక్రాలు బిగించాక అన్న టైరుకి బొట్లు పెట్టాడు. అక్క లేచి వచ్చి, బండికి జానెడు ఎడంగా నిలబడి, రెండు అరచేతులూ చాచి, దేన్నీ ముట్టుకోకుండా ప్రార్థన చేసింది. పెద్ద ప్రార్థనే. అందులో అన్న పేరు, ఊళ్లో అతని పిల్లల పేర్లు కూడా వచ్చాయి. ఆమెన్ అన్నది అన్నే, మాకంటే ముందు. సందులో బ్రేకు వేశాను. బండి తిన్నగా ఆగింది. ఆదివారం నుంచి మళ్లీ అందులోనే డ్యూటీకి వెళ్లాం. దారిలో అక్క వంట గురించి, సహవాసం గురించి మాట్లాడేది. ఆ శనివారం మాట మాత్రం ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

తర్వాతి నెల ట్యూబ్ మార్చే రోజు వచ్చింది. నేను అన్నీ సర్దాను. మంచానికి అటువైపు హబూబా కూతురు నిలబడి ఉంది. అక్క గ్లవ్స్ వేసుకుని, పాత ట్యూబ్ దాకా చేయి తీసుకెళ్లి ఆగిపోయింది. నావైపు చూసింది.

నేను తల ఊపాను.

ఆవిడ కదల్లేదు. "తల కాదు," అంది. "చూసి, నోటితో చెప్పు. నువ్వు చెప్పాకే తీస్తాను."

నేను మళ్లీ మొదటి నుంచి చూశాను. కఫం లాగే సక్షన్ మెషిన్ నడుస్తోంది. కొత్త ట్యూబ్ తెరిచి ఉంది. ఒకవేళ అది పట్టకపోతే వాడటానికి ఒక సైజు చిన్నది పక్కనే ఉంది. ఆక్సిజన్ వస్తోంది. హబూబా కళ్లు నావైపే ఉన్నాయి. అక్క చేయి గాలిలో అలాగే ఆగి ఉంది, ఏ తొందరా లేకుండా.

"అన్నీ సరిగ్గా ఉన్నాయక్కా. తీయండి," అన్నాను.

నా గొంతు గదికి సరిపోయినంత పెద్దగానే వచ్చింది. హబూబా కూతురు తలెత్తి నన్ను చూసింది. అక్క ట్యూబ్ తీసింది.